ధావనము – చిత్తప్రసాదము

మనస్సును నిలుపదలచినవానికి మన శాస్త్రములు మొట్టమొదట చెప్పునది కూర్చుండుమని. గీతలోని ఆరవ అధ్యాయము శుచియైన చోటును, మిక్కిలి ఎత్తును మిక్కిలి పల్లమును గాని పీఠమును, దానిపై దర్భయు జింకతోలును వస్త్రమును పరచుటను గూడ విడువక విధించినది. పతంజలి ఆసనమునకు స్థైర్యమును సుఖమును లక్షణములుగా నిరూపించెను. పరుగన్ననో, ఆ గ్రంథములలో అదుపు తప్పినదానికి గురుతు: కఠోపనిషత్తులో ఇంద్రియములు గుర్రములు, మనస్సు పగ్గము, ఆ పగ్గము బిగించి పట్టవలసిన సారథి బుద్ధి. లోకము మాటయు నదియే. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలుచుండి నీళ్లు త్రాగుట మేలని సామెత. ఇట్టి సంప్రదాయమున పుట్టినవాడు వేకువనే బూట్లు బిగించి హుస్సేన్‌సాగరపు గట్టునకో విశాఖ సముద్రతీరమునకో పోయి, గంటసేపు పరుగెత్తి వచ్చి, మనస్సు తేటపడినదని చెప్పినచో, ఆ మాటను ఏ అర్థమున గ్రహింపవలెను? అది వట్టి ఒడలి హాయియా? సాధన యనదగిన దేదైన దానిలో కలదా?

పరుగెత్తువాని లోపల జరుగునదేమో ముందుగా విచారింతము. తొలి కొన్ని నిమిషములు ఒడలు ఎదురు తిరుగును. ఊపిరి చాలదు, పిక్కలు బిగియును, నిన్నటి కలహమో నేటి అప్పో మునుపటికంటె బిగ్గరగా వినవచ్చును. పిమ్మట, అలవాటు గలవానికి, శ్వాసయు అడుగుల చప్పుడును ఒక తాళమునకు వచ్చును. ఇన్ని అడుగులకు ఊపిరి పీల్చుట, ఇన్ని అడుగులకు విడుచుట యను లెక్క ఎవరును వేయకయే కుదురుకొనును. యోగసూత్రములు చిత్తమును తేటపరచు ఉపాయములలో ప్రాణమును వెలికి విడుచుటను, నిలుపుటను పేర్కొనినవి గదా. పరుగెత్తువానికి నిలుపుట సాధ్యము గాదు గాని విడుచుట తప్పదు. అప్పుడు తలపులు ఆగిపోవు. వాని పట్టు మాత్రము సడలును. ఆరుబయటి పరుగున నింకొక విశేషము కలదు. గదిలో యంత్రపు పట్టాపై పరుగెత్తువానికి నేల ఎప్పుడును ఒక్కతీరుననే యుండును గావున చూపునకు పనిలేదు. పనిలేని చూపు తిరిగి లోపలి కలహములనే చేరును. బయటనో, రాయి, బురద, ఎదురుగాలి, మలుపున మొరుగు కుక్క, వైశాఖమున ఆరుగంటలకే చురుక్కుమను ఎండ, ఇవి యన్నియు క్షణక్షణమును మనస్సును ఉన్నచోటికే పిలుచుచుండును, కాని దేనినో కోరుమని పిలువవు.

దీనికంతకును కారణము దేహమున పుట్టు రసాయనములే యని నేటి శాస్త్రజ్ఞులందురు. మొదట ఎండార్ఫిన్లని చెప్పిరి. అవి రక్తమునుండి మెదడులోనికి సులభముగా చొరలేవని తేలిన పిమ్మట, శరీరము తానే తయారుచేసికొను గంజాయిజాతి పదార్థములగు ఎండోకన్నాబినాయిడులను ముందునకు తెచ్చిరి. 2015లో జర్మను పరిశోధకులు చిట్టెలుకలను పరుగెత్తించి చూపినదియు నదియే. ఇది విని కొందరు భక్తులు చిన్నబుచ్చుకొందురు, కొందరు హేతువాదులు గెలిచితిమందురు, ఇరువురిదియు తొందరపాటే. ఛాందోగ్యమున ఉద్దాలకుడు తన కుమారుడగు శ్వేతకేతువును పదునైదు దినములు అన్నము మాని నీరు మాత్రమే త్రాగుమనెను. గడువు తీరిన పిమ్మట వేదము చెప్పుమనగా అతనికి ఒక్క ఋక్కును తోచలేదు. భుజించి వచ్చినంతనే అన్నియు తోచినవి. మనస్సు అన్నమయమని తండ్రి చూపిన ప్రత్యక్షప్రమాణ మిది. మనస్సు దేహమునకు ఇంతగా లోబడియున్నదని ఎరిగియు ఆయన ఆత్మోపదేశమును మానలేదు. ఆ ప్రయోగము ముగిసిన తరువాతనే గదా అసలు ఉపదేశము సాగినది!

పరుగును బాహాటముగా సాధనగా ప్రకటించినవారును లేకపోలేదు. వంగదేశీయుడగు శ్రీ చిన్మయ్ (1931–2007) బాల్యమున పుదుచ్చేరిలోని అరవిందాశ్రమము చేరి, అచట ఇరువది యేండ్లు గడపి, ఆశ్రమ క్రీడలలో పరుగునందు పేరు గడించి, 1964లో న్యూయార్కునకు పోయెను. శ్రీమాత వ్యాయామమును ఆశ్రమవిద్యలో అంతర్భాగము చేసియుండెను, అరవిందుడు తన తుదినాళ్లలో దేహసిద్ధిని గూర్చి వ్యాసములు వ్రాసియుండెను; దేహమునకు ఇచ్చిన ఆ గౌరవమే చిన్మయ్‌తో సముద్రము దాటినదనవచ్చును. న్యూయార్కులోని క్వీన్స్ ప్రాంతమున 1997లో మొదలైన 3100 మైళ్ల పరుగు ఆయన నెలకొల్పినదే. 52 దినములలో దాదాపు 5000 కిలోమీటర్లు. ఉదయము ఆరింటినుండి అర్ధరాత్రము వరకు. త్రోవయో, ఒక ఉన్నతపాఠశాల చుట్టును సాగు కాలిబాట, అరమైలుకంటె కొంచె మెక్కువ. ఒకనాడు ఒక దిక్కుగా తిరిగినచో మరునాడు దానికి ఎదురుదిక్కుగా తిరుగుదురు. ఆయన గురుత్వమును గూర్చి భిన్నాభిప్రాయములున్నవి, వానితో నాకిప్పుడు పనిలేదు. గర్భగుడి లేని ఆ ప్రదక్షిణమే నన్ను ఆలోచింపజేయునది. సింహాచలమున ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు తొలిపావంచా కడ కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు నడచువానికి, కుడివైపు కొండపై అప్పన్న యున్నాడను నమ్మకమే కాళ్లకు బలము. అరుణాచల ప్రదక్షిణమునందు వేగము కూడదనియు, నిండునెలల రాణి నడచినట్లు మెల్లగా నడువవలెననియు రమణమహర్షి చెప్పెడివారట. క్వీన్స్‌లో తిరుగువానికి నడుమ నున్నది ఒక బడి. దేవుని అతడు తన ఊపిరిలోనే ఎక్కడనో వెదకికొనవలెను. అన్ని దినములు అవే నాలుగు వీధిమూలలను చూచువానికి ఎక్కడికో చేరుదునను ఆశ యుండదు. చేరవలసిన చోటు లేని పరుగును పరుగనవచ్చునా?

అంగుళిమాలుని కథ ఇచట జ్ఞప్తికి వచ్చును. పరుగెత్తు ఏనుగును, గుర్రమును, లేడిని గూడ పట్టగలిగిన, వ్రేళ్లదండ దాల్చిన ఆ దొంగ, మామూలు నడక నడచుచున్న బుద్ధుని వెంట శక్తికొలది పరుగెత్తియు అందుకొనలేక, నిలుచుండి, నిలువుమని కేకవేసెను. తాను నిలిచియే యున్నాననియు, నిలువనిది నీవేననియు బుద్ధుడు బదులు చెప్పెను. ప్రాణులయెడ దండమును విడిచినవాడే నిలిచినవాడని ఆయన భావము. నిలిచియుండియే ఆత్మ పరుగెత్తువారిని మించిపోవునని ఈశావాస్యము చెప్పినదానికి ఇంతకంటె మంచి వ్యాఖ్యానము నేనెరుగను. మణికట్టు గడియారమును మాటిమాటికి చూచికొనుచు, నిన్నటికంటె ఎన్ని క్షణములు తగ్గెనో లెక్కించుచు, చెమట ఆరకముందే ఫోనులో ఆ లెక్కను లోకమునకు చాటువాడు, నా దృష్టిలో, అంగుళిమాలుని తొలి అవస్థలోనే యున్నాడు. మెడలో వ్రేళ్లకు బదులు పతకములు వ్రేలాడుచుండుట మాత్రమే భేదము.

ఇంతకంటె సూక్ష్మమైన ఆక్షేపము అద్వైతులది. గౌడపాదుడు మాండూక్యకారికలలో లయమును కామముతో సమానమైన కీడుగా ఎంచెను; చిత్తము లయించినచో మేలుకొలుపవలెను, చెదరినచో శమింపజేయవలెను. పరుగువలన కలుగు శాంతి అలసటనుండి పుట్టిన లయమే యైనచో అది నిద్రకు తోబుట్టువు గాని జ్ఞానమునకు గాదు. కొంతవరకు ఇది నిజమే. ఒడలెరుగనంతగా అలసి దుఃఖమును మరచువాడు స్నానము ముగించునప్పటికి ఆ దుఃఖము వాకిట కాచుకొనియుండును. కాని మితముగా, ప్రక్కవానితో మాటలాడగలిగినంత ఊపిరి మిగుల్చుకొని పరుగెత్తువాడు నిద్రించుట లేదు, నిద్రించిన బోర్లపడును. అతని చిత్తము మేల్కొనియే యున్నది, ఐనను దేనివెంటను పోవుట లేదు. దీనిని ఆత్మజ్ఞానమని నేననను. విచారమునకు తగిన తేటదనము మాత్రమే. దానిని విచారమునకు వినియోగింపక వీధి చివర హోటలులో ఇడ్లీలతో ముగించువారే పెక్కుమంది. వారిని నిందింపను, ఇడ్లీయు అన్నమే, మనస్సు అన్నమయమే.

ఇక మోకాళ్లు అరిగిననాడు ముగిసిపోవు సాధన సాధన యెట్లగునని అడుగవచ్చును. జపానులో క్యోటో సమీపమున హియేయి కొండపై టెండాయ్ సన్న్యాసులు కొందరు ఏడేండ్లలో వేయి దినములు, దినమునకు 30 కిలోమీటర్లతో మొదలిడి 84 వరకు, పూజాస్థలముల కడ ఆగి మ్రొక్కుచు వడిగా నడచెదరు. పరుగు గాదు గాని పరుగుకంటె కఠినము. 700 దినములు ముగిసిన పిమ్మట అట్టివాడు అన్నము, నీరు, నిద్ర లేక తొమ్మిది దినములు ఒక మందిరమున మంత్రజపముతో గడపవలెను. అంత నడచినవానికిని తుదకు ఆసనము తప్పలేదు. రాజగృహమున బౌద్ధుల మొదటి సంగీతికి ముందటి రాత్రి, అప్పటికింకను అర్హంతుడు కాని బుద్ధశిష్యుడు ఆనందుడు చాలసేపు చంక్రమణము చేసెను, ఫలింపలేదు. ఉత్సాహము మితిమీరి సమాధి కొరవడినదని తలచి, తెల్లవారుజామున కొంచెము విశ్రమింపగోరి మంచముపై ఒరగుచుండగా, పాదములు నేల విడిచి తల దిండును చేరకముందే ఆయనకు విముక్తి కలిగెనని అట్టకథలు చెప్పుచున్నవి. ఈ కథ చదివి నడక వ్యర్థమనువారు కలరు. నాకట్లు తోచదు, రాత్రియంతయు నడువనివాడు ఆ మంచముపై ఒరిగియున్నచో నిద్రపోయి యుండెడివాడు.