మార్పు – మర్యాద

మేము మార్పును మెచ్చువారము. ప్రాతదనుటచేతనే యొక యాచారమును కాపాడవలెనను వాదమును మే మెన్నడు నంగీకరింపలేదు. అయినను మంచి మార్పునైనను ఎట్లు తేవలెనను ప్రశ్న యిటీవల మా కెదురైనది.

జూబ్లీ హిల్సులో మా పొరుగున వృద్ధులొక రున్నారు. ఫిలింనగరులో చిత్రములకు ఎడిటింగు చేసి విరమించినవారు. ఫిలిము కత్తిరించి యతికించు పద్ధతి పోయి కంప్యూటరు వచ్చినప్పుడు నడివయస్సున దానిని నేర్చిరి. కావున క్రొత్తదానిని ద్వేషించువారు కారు. ప్రతిదినము ఉదయమున తమ మ్యూచువల్ ఫండు విలువ నొక వెబ్‌సైటులో చూచుకొనుట వారి యలవాటు. ఒకనాడు తెరచునప్పటికి పుట యంతయు మారియున్నది. రంగులు పెరిగినవి, అంకెలు కానరాలేదు. "మాస్టారూ, నా డబ్బు పోయినదా, త్రోవ పోయినదా?" అనుచు మా యింటికి వచ్చిరి. గంటసేపు వెదకితిమి. డబ్బు భద్రముగనే యున్నది. వారి ధైర్యము పోయినది. నాటినుండి తమ లెక్కను కుమారునిచే చూపించుకొనుచున్నారు.

ఇది యొక్కరి కష్టము కాదు. 2021లో ఆదాయపు పన్ను శాఖవారు జూన్ 1 నుండి ఆరు దినములు ప్రాత వెబ్‌సైటును మూసి, 7వ తేదీన క్రొత్తదానిని తెరచిరి. ఫిర్యాదులు వెల్లువెత్తగా, ఆగస్టులో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ దానిని నిర్మించిన ఇన్ఫోసిస్ ప్రధానాధికారిని పిలిపించి సంజాయిషీ యడుగవలసివచ్చెను.

1957 ఏప్రిల్ 1న ఇంతకంటె పెద్ద మార్పు జరిగెను. రూపాయికి పదునారణాల లెక్క పోయి నూరు పైసల లెక్క వచ్చెను. అయినను అణాలు వెంటనే చెల్లకపోలేదు. కొంతకాలము రెండును కలిసి చెల్లినవి. క్రొత్త పైసను 'నయా పైస' యనిరి. జనుల కలవడిన పిదప 1964లో 'నయా' యను మాటను తీసివేసిరి. ఆ యేడేండ్ల యోపికనే మేము మర్యాద యనుచున్నాము.

అలవాటు సోమరితన మని కొంద రందురు. మాకట్లు తోచదు. గ్రుడ్డివానికి తన యింటి గడప తెలిసియుండుట సోమరితనమా? అది యతడు దెబ్బలు తిని యార్జించిన జ్ఞానము. ఇల్లు కట్టినవానికి గడపను మార్చు హక్కు గలదు. చెప్పక రాత్రికి రాత్రి మార్చు హక్కు లేదు. రెండింటిని నిలుపుట వ్యయమందురా? నిలుపకున్నను ఆ వ్యయము తప్పదు. అది తమ త్రోవ తప్పినవారిపై పడును.

సంస్కరణమును కోరు మనమందరము దీనిని తలపోయవలెను. ఒక నెల దినములు ప్రాత పుటను గూడ తెరచియుంచినచో, మా పొరుగువారు నేడు కుమారుని పిలువకయే తమ లెక్క చూచుకొనుచుందురు.