అభావమునకు కావలి

గుడివాడనుండి బందరు మీదుగా దివిసీమకు పోయి కరకట్టపై నడచినప్పుడెల్ల, జరుగని దానికి కర్త యెవరను ప్రశ్న నాకు తోచుచుండును. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన విరుచుకుపడి వేలాది ప్రాణములను హరించిన సంగతి మనకు తిథివారములతో జ్ఞాపకమున్నది గాని, ఆ తరువాత కట్టను తాకి వెనుదిరిగిన పోటులకు, సొర్లగొంది మడ అడవుల వేళ్లలో చిక్కి అలసిపోయిన కెరటములకు తిథి లేదు. ఆగిన నీటిని ఎవరును స్మరింపరు.

ఇతిమరపు రజనిని తలచుకొనినపుడు ఈ ప్రశ్నయే మరింత లోతుగా తగులుచున్నది. 1990లో చిత్తూరు జిల్లా పల్లెలో జన్మించి, భారత మహిళా హాకీ జట్టునకు గోల్‌కీపరైన ఈ తెలుగుబిడ్డ, పండ్రెండడుగుల వెడల్పును ఏడడుగుల ఎత్తును గల గోలుముందు, తలకు హెల్మెటును కాళ్లకు దళసరి ప్యాడ్లను ధరించి నిలుచుటయే తన పనిగా వరించినది. తక్కినవారు ఒకదానిని జరిపింపవలెనని పరుగెత్తుదురు. గోల్‌కీపరు ఒక్కతెయే ఒకటి జరుగకుండవలెనని నిలుచును.

మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున అభావమును ఏడవ పదార్థముగా పరిగణించెను. లేకపోవుటయు ద్రవ్యగుణాదులవలె లెక్కింపదగినదే యని దాని తాత్పర్యము. ప్రాభాకర మీమాంసకులు దీనిని అంగీకరింపక, కుండ లేదనగా వట్టి నేల ఉన్నదనియే గాని వేరొకటి కాదనిరి. నేను తార్కికుల పక్షమునే నిలుతును: గోలు పడని వల వట్టి వల కాదు. అయితే అది ఏ జాతి అభావము? వస్తువు పుట్టుటకు పూర్వమున్న లేమి ప్రాగభావము. దానికి ఆది లేదు, అంతము కలదు. త్రికాలములందును లేకుండుట అత్యంతాభావము. అరువది నిమిషముల ఆట సాగుచున్నంతసేపు, ఎదుటిపక్షపు గోలు పుట్టబోవునదియో, పుట్టనే పుట్టనిదియో తేల్చి చెప్పగల తార్కికుడు లేడు. కావలియున్న స్త్రీ ఆ మొదటి అభావమును క్షణక్షణము రెండవదానివైపు నెట్టుకొని పోవుచుండును. కడపటి ఈల మ్రోగిన పిదపగాని తాను చేసినదేమో ఆమెకైనను తెలియదు. ఇక ప్రధ్వంసాభావము, ఆది కలిగి అంతము లేని లేమి. దాని అర్థమును దివిసీమ పెద్దలకు ఎవరును బోధింపనక్కరలేదు.

2021 ఆగస్టు 2వ తేదీన టోక్యో ఒలింపిక్సులో మనవారు ఆస్ట్రేలియాను 1-0తో ఓడించిరి. కొట్టినది గుర్జీత్ కౌర్. గోలుముందు నిలిచినది సవితా పూనియా. రజని ఆ బృందమునకు అదనపు గోల్‌కీపరు; నిలుచు వంతు ఆమెకు రాలేదు. మంచుపై ఆడు హాకీలోను ఇట్టి కథ కలదు. 2010 వాంకూవర్ ఒలింపిక్సు తుదిపోరున షానన్ జాబడోస్ అమెరికావారి 28 షాట్లను నిలువరించి 2-0తో కెనడాకు స్వర్ణము నిలిపినపుడు, 2002లో అదే అమెరికాపై అదే స్వర్ణమునకు కావలికాసిన కిమ్ సాన్ పియేర్, జట్టులో ఉండియు గోలుముందునకు రాక చూచుచుండెను.

వంతు రాని ఈ సన్నాహమంతయు ఏమగును? నేడు చేసిన యాగమునకును ఎన్నడో కలుగు ఫలమునకును నడుమ, అపూర్వమను కంటికానని శక్తిని మీమాంసకులు ఒప్పుకొనిరి. అభ్యాసమున రెండవ గోల్‌కీపరు దేహముపై తీసికొనిన బంతులవలననే కొట్టువారి చేయి తీరునని ఆటనెరిగినవారు చెప్పుదురు. ఆ బంతులు ఏ పట్టికకును ఎక్కవు. అట్లని రజనిని కోరిక లేని యోగినియని నేననను. ఆడవలెనను ఆర్తి లేనిచో ఆ నిరీక్షణకు బరువెక్కడిది? నిష్కామమను మాటను ఇతరుల నిరీక్షణపై సులభముగా అంటించుట నాకు పాపముగా తోచును. టోక్యో ఆటలు జరిగిన ఆ 2021 ఆగస్టులోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆమెకు 25 లక్షల రూపాయలు ప్రకటించినపుడు, రాని వంతునకును రాజ్యము విలువ కట్టినదని మనసార సంతోషించితిని.

మొన్న నాగాయలంకకు దిగువను కట్టపై ఒక వృద్ధుడు కనబడెను. ఎండ్రకాయల బొరియ ఉన్నచోటనెల్ల వంగి, తడిమట్టి ముద్ద పెట్టి, మడమతో అదుముచుండెను. ఏమి తాతగారూ అని పలుకరించితిని. “నిన్న ఇక్కడ లేదండీ ఇది,” అని మాత్రము చెప్పి, తరువాతి బొరియకై కన్నులు నేలకు దించి ముందుకు సాగెను.