చెడిన కుండను నలిపేసే స్వేచ్ఛ

తిరుమలగిరి



నీ ఉత్తరం చేరింది. నువ్వు పంపిన కప్పుల ఫొటోలు ఫోన్లో పెద్దవి చేసి చూశాను. నీలం అంచున్నది బాగుంది. దాని పిడి మొదట్లో మాత్రం సన్నటి నెర్రె కనిపిస్తోంది. కప్పు ఆరిపోయాక పచ్చి పిడి అతికించి ఉంటావు. రెండూ ఒకే తడి మీద ఉండాలి, లేకపోతే ఆరేటప్పుడు ఒకటి ఎక్కువ ముడుచుకుని రెండోదాన్ని విడిచిపెడుతుంది. ఇక నీ ప్రశ్నలు రెండు. హైదరాబాదులో నీ స్నేహితులు ఒక్కో కప్పుకు ఆరేడు వందలు ఇస్తామంటున్నారు, అమ్మొచ్చా అన్నది ఒకటి. బాగా సాగితే ఉద్యోగం మానేసి ఇదే పని పెట్టుకోవచ్చా అన్నది రెండోది. రెండింటికీ నా జవాబు ఒకే చోటి నుంచి వస్తుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

బడి నుంచి రిటైరయ్యాక మన పెరట్లో రేకుల కింద సారె పెట్టుకున్నానని నీకు తెలుసు. నాకు పని నేర్పింది ఇక్కడి కుమ్మరి దంపతులు. నా కుండ వంకరపోతే నలిపి ముద్ద చేసి మళ్లీ మొదలుపెడతాను. ఆ ఇల్లాలి చేతిలో కుండ వంకరపోవడమే అరుదు. పోయినా మూతి కాస్త సరిచేసి వరుసలో పెట్టేస్తుంది. పచ్చి మట్టి వృథా కాదు, మళ్లీ కలుపుకోవచ్చు, పోయేది ఒక పూట మాత్రమే. ఆ పూటే వాళ్ల దగ్గర ఉండదు. వానాకాలమంతా పని సాగదు. కుండలు ఆరవు, ఆవం అంటుకోదు. ఎండాకాలం రంజన్లకు, దీపావళికి ప్రమిదలకు, బోనాలకు కుండలకు అడిగేవాళ్లు వస్తారు. ఆ రోజుల్లో చేసిందే ఏడాదికి తిండి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు కదా, ఆ సామెతను నేను చిన్నప్పుడు కుండ ఎంత సులువుగా పగులుతుందో చెప్పే మాటగా విన్నాను. వాళ్ల వాకిట్లో కూర్చున్నాక అందులోని ఏడాది ఎంత పొడుగో తెలిసింది.

చెడిన కుండను నలిపేసే స్వేచ్ఛ మనకుంది బిడ్డా. నీకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది, నాకు పెన్షన్ వస్తుంది. మన చేతిలో చెడ్డ కుండ తయారైతే దానికి ఆకలి కారణమని చెప్పుకోలేం. కాబట్టి నేను నిన్ను మొదట కోరేది ఇదే: చెడ్డదని నీ మనసుకు తెలిసిన వస్తువును కాల్చకు. కాలనంత వరకే అది నీ చెప్పుచేతల్లో ఉంటుంది. మంట దాదాపు 600 డిగ్రీలు దాటాక మట్టి రేణువుల్లో కలిసి ఉన్న నీరంతా వదిలిపోతుంది. ఆ తర్వాత ఎన్నాళ్లు నీళ్లలో నానబెట్టినా అది మళ్లీ ముద్ద కాదు. అప్పటిదాకా మాత్రం నలిపేయడానికి నీకు ఏ అడ్డూ లేదు. పిడి నెర్రె పడ్డ ఆ నీలం అంచు కప్పును ఎవరికీ ఇవ్వకు. మరిగే చాయ్ పోసుకున్నవాళ్ల ఒళ్లో పిడి ఊడితే జరిగేది నీకు చెప్పనక్కరలేదు.

కాల్చిన మట్టి ఎంతకాలం ఉంటుందో చూడాలంటే మనకు దూరం పోయే పని లేదు. ఫణిగిరి గుట్ట మనకు పక్కనే ఉంది, బిక్కేరు వాగు ఒడ్డున. పాత బౌద్ధ క్షేత్రం. అక్కడ దొరికిన తోరణపు రాతి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లాయి, అది అందరికీ తెలుసు. నా మనసు మాత్రం 2024 మార్చిలో తవ్వకాల్లో బయటపడ్డ ఒక చిన్న కుండ మీద ఉంది. రెండడుగుల లోతులో దొరికింది. ఎత్తు 15 సెంటీమీటర్లు, అడ్డం 16.7 సెంటీమీటర్లు. నీ రెండు అరచేతుల్లో పట్టేంత. అందులో 3,730 సీసపు నాణేలున్నాయి, ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలపు నాణేలని పురావస్తు శాఖవాళ్లు తేల్చారు. ఒక్కోటి సగటున 2.3 గ్రాములు, అంటే దాదాపు ఎనిమిదిన్నర కిలోల సీసం. అంత చిన్న కుండ అంత బరువును 1,600 ఏళ్లకు పైగా మోసింది.

దాని మూత చూడు. పైన బోర్లించింది ఒక లోతు లేని చిన్న కుండ. లోపల మూతికి అడ్డం పెట్టింది పగిలిన గిన్నె అడుగుభాగం. డబ్బు దాచినవాళ్లు ఎవరో, చేతికందిన పగిలిన గిన్నెను పారేయకుండా వాడుకున్నారు. అదే గుట్ట మీద రుద్రపురుషదత్తుడనే ఇక్ష్వాకు రాజు పేరు, అతని 18వ పాలనా సంవత్సరం, శాసనంలో చెక్కి ఉన్నాయి. నాణేలు కొట్టించిన రాజవంశం తెలిసింది. ఆ కుండ చేసినవాళ్ల పేరు మాత్రం ఎక్కడా లేదు.

జపాన్‌లో యనాగి సోయెత్సు అనే ఆలోచనాపరుడు 1920లలో, ఊరు పేరు లేని పనివాళ్లు రోజువారీ వాడకానికి చేసిన గిన్నెల్లోనే అసలైన అందముందని ప్రచారం చేశాడు. హమాదా షోజి వంటి గొప్ప కుమ్మరులు ఆయనతో కలిశారు. 1936లో టోక్యోలో అలాంటి వస్తువులకు ఒక మ్యూజియమే వెలసింది. నువ్వు నేర్చుకునే చోట యనాగి పేరు భక్తిగా చెబుతారని రాశావు. ఆయన మాటలో సగం నాకు నచ్చుతుంది. వాడకం కోసం పుట్టిన వస్తువుకు తనదైన అందం ఉంటుంది, అది నిజం. పేరు లేకపోవడమే అందమంటే మాత్రం నేను ఒప్పుకోను. పేరున్నవాళ్లకు ఆ మాట అనడం తేలిక. మన కుమ్మరులు పేరు వద్దనుకుని ఊరుకోలేదు, వాళ్లను పేరు అడిగినవాళ్లు లేరు.

ఇక్కడ నేను కాస్త గట్టిగా మాట్లాడతాను, నొచ్చుకోకు. మన ఊళ్లలో పెళ్లంటే కుమ్మరింటికి డప్పులతో వెళ్లి ఐరేని కుండలు తెచ్చుకున్నాం. పుట్టుకకూ వాళ్ల కుండే, చావుకూ వాళ్ల కుండే. తాటిచెట్టుకు కట్టిన లొట్టి వాళ్లదే, గడపలో నీళ్ల కడవ వాళ్లదే. ఇన్ని తీసుకుని కోతలప్పుడు కొలిచి ఇచ్చింది నాలుగు గింజలు. మట్టి పిసికేవాళ్లని అంటూ పీట కూడా వేయకుండా వాకిట్లోనే నిలబెట్టిన ఇళ్లు నేను చూశాను. తర్వాత స్టీలు బిందె వచ్చింది, ప్లాస్టిక్ కుండ వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది, కొలిచే ఆ గింజలూ ఆగిపోయాయి. ఇప్పుడు అదే మట్టిని నీలాంటి, నాలాంటి వాళ్లు తాకితే కళ అంటున్నారు, ఫొటో తీస్తున్నారు, ఆరు వందలిస్తామంటున్నారు. మట్టి మారలేదు. పట్టుకున్న చెయ్యి ఎవరిదన్నదే మారింది. ఈ సంగతి మరిచి నువ్వు ఒక్క కప్పు అమ్మినా నాకు బాధే.

అమ్మొద్దని అనడం లేదు. అమ్మేముందు కొన్ని చూసుకోమంటున్నాను. వాళ్ల బువ్వ ఉన్నచోట నువ్వు చెయ్యి పెట్టకు. ప్రమిదలు, బోనం కుండలు, రంజన్లు, పూలకుండీలు చేసి సరదాగా తక్కువకు ఇచ్చేయడం మనకు దానధర్మంలా కనిపిస్తుంది, వాళ్లకు బేరం పోతుంది. వాళ్లు చేయనివి చెయ్యి. పూత పూసిన కప్పు, పళ్లెం, మూత ఉన్న ఊరగాయ జాడీ, ఇలాంటివి. ధర చెప్పేటప్పుడు సిగ్గుపడి తగ్గించకు, మట్టి పనికి విలువ లేదన్న పాత మాటను నువ్వు కూడా బలపరిచినట్టవుతుంది. ఎవరి దగ్గర నేర్చుకున్నావో అడగకముందే చెప్పు. మట్టి వాళ్ల దగ్గర కొంటే వాళ్లు అడిగిన ధరకే కొను. చెరువులో ఊరికే దొరికే మట్టే కదా అని బేరం చేయడం మన చుట్టుపక్కల మామూలే, నువ్వా పని చేయకు.

ఊరికే దొరుకుతుందన్న మాట కూడా నిజం కాదు. శ్రీరాంసాగర్ కాలువ నీళ్లు వచ్చిన ఏడు మన వైపు చెరువులు ఎండాకాలంలోనూ తడిగానే ఉంటాయి. రైతుకు అది పండుగ, నాకూ సంతోషమే. కుమ్మరికి మాత్రం మట్టి తీసుకునే రోజులు తగ్గుతాయి. దొరికిన మట్టిని ఎండబెట్టి, గడ్డలు చిదిమి, నానబెట్టి, బట్టలో వడగట్టి, కాళ్లతో తొక్కి, ఇసుకో బూడిదో సరిపడా కలిపితే అప్పుడది సారె మీదికి వస్తుంది. వడకట్టడంలో తొందరపడకు. మన నేలలో సున్నపు రాళ్లుంటాయి, ఆవగింజంతవి. అవి కాలినప్పుడు ఏమీ కనబడదు. కాలిన సున్నం గాలిలో తడి పీల్చుకుని ఉబ్బుతుంది. వారానికో, పక్షానికో కుండ మీద రూపాయి బిళ్లంత పెచ్చు ఎగిరిపోయి, నడుమ తెల్లటి చుక్క మిగులుతుంది. అప్పటికి ఆ కుండ ఎవరింట్లోనో ఉంటుంది. అందుకని నేను కాల్చిన ప్రతిదాన్నీ కొన్ని వారాలు అటక మీద ఉంచి, ఆ తర్వాతే ఇంకొకరి చేతికిస్తాను. అమ్మకానికి తొందరపడేవాళ్లకు ఆ ఓపిక ఉండదు. నీకు ఉండొచ్చు, ఉండాలి.

పూత విషయం మరీ ముఖ్యం. సీసం కలిపిన పూత తక్కువ వేడికే కరుగుతుంది, అద్దంలా మెరుస్తుంది. పాత కాలం నుంచి చాలా దేశాల్లో వాడారు. చింతపండు పులుసు, మజ్జిగ, నిమ్మరసం వంటివి దాంట్లో పోస్తే పులుపుకు సీసం కరిగి తిండిలోకి దిగుతుంది. పిల్లల మెదడుకు అది విషం. ఫణిగిరి కుండలో సీసం దాస్తే దాచారు, నీ కప్పులో ఉండకూడదు. పూత పొడి కొనేటప్పుడు దానిలో ఏముందో రాసి ఇవ్వమను. రాసి ఇవ్వకపోతే లోపలివైపు పూయకు, ఎంత అందంగా మెరిసినా సరే. ఇంకొకటి, మట్టి ఎండిపోయిన నేలను చీపురుతో ఊడవకు, తడిబట్టతో తుడువు. ఆ సన్నటి ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. మీ అపార్ట్‌మెంట్ బాల్కనీ పక్కనే చంటిపిల్ల ఉన్న ఇల్లుందని రాశావు కదా, నీ ఒక్కదాని సంగతే కాదు మరి.

ఉద్యోగం మానే మాటకు వస్తాను. తిరుమల స్వామి భక్తుడు కుమ్మరి భీముడి కథ నీకు చిన్నప్పుడు చెప్పాను. గుడికి పోయే తీరిక లేక ఇంట్లోనే స్వామిని పెట్టుకుని, పని అయ్యాక చేతికి మిగిలిన మట్టితో పూలు చేసి పెట్టేవాడట. తొండమాన్ చక్రవర్తి ఇచ్చిన బంగారు పూలను పక్కకు నెట్టి స్వామి ఆ మట్టిపూలు ఉంచుకున్నాడట. భక్తి సంగతి పెద్దవాళ్లు చెబుతారు, నేను ఆ మిగిలిన మట్టి సంగతి చెబుతాను. భీముడు పూల కోసం కుండలు మానలేదు. కుండలు కడుపుకు, పూలు మనసుకు. పూలకు ఎవరూ వెల కట్టలేదు, అవి ఎలా ఉండాలో ఎవరూ చెప్పలేదు.

నీ కప్పులు ఇప్పుడు ఆ పూల వంటివి. ఇంటి అద్దె వాటి మీద పెట్టిన నాటి నుంచి లెక్క మారుతుంది. ఈ నెల ఎన్ని కావాలి, ఏ రంగు పోతోంది, ఈ వంకరను వంకరలా కనబడకుండా ఎలా అమ్మాలి అన్న ఆలోచన వస్తుంది. అది తప్పు పని అనడం లేదు, కుమ్మరులు బతికింది అలాగే. వాళ్లకు ఆ పనిలో పుట్టిన ఒడుపు ఉంది, ఇంటిల్లిపాది చేతులు ఉన్నాయి. నీకు ఇంకా ఒక వాలు కుదరలేదు. సారె నడుమ మట్టి ముద్ద అదరకుండా నిలబెట్టడం నీకు రెండుసార్లకు ఒకసారి కుదురుతోందని నువ్వే రాశావు. ఇప్పుడే ఆ పనితనాన్ని అద్దె లెక్కల ముందు నిలబెట్టకు. ఒకే రకం కప్పు, ఒకే కొలత, పక్కపక్కన పెడితే తేడా తెలియనంతగా చేయడం వచ్చిన రోజున మళ్లీ ఈ ప్రశ్న అడుగు. అప్పుడు నా జవాబు వేరే ఉండొచ్చు.

వేసవి సెలవు పెట్టి రా. నీకు నేర్పిస్తారా అని ఆ దంపతులను అడిగాను, రమ్మన్నారు. కుండ అడుగును లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి గుండ్రంగా, పలచగా సాగదీయడం వాళ్ల దగ్గర చూడు. మీ క్లాసుల్లో అది నేర్పరు. వాళ్లకు ఇచ్చే ఫీజు హైదరాబాదులో నువ్వు కట్టిన దానికి తగ్గకుండా తెచ్చుకో, బియ్యం, చీర అంటూ సరిపెట్టకు. ఫొటోలు తీసేముందు వాళ్లను అడుగు, పోస్టు చేసేటప్పుడు వాళ్ల పేర్లు ఎలా రాయాలో కూడా వాళ్లనే అడుగు. పాత నూలు చీరలు నాలుగు పట్టుకురా, మట్టి వడగట్టడానికి నా దగ్గరివి చిరిగిపోయాయి. సూర్యాపేటలో దిగితే జనగామ బస్సు ఎక్కు, తిరుమలగిరి మార్కెట్ యార్డు దగ్గరికి నేను వస్తాను.

ఉంటాను.
మీ పెద్దమ్మ