వాయుగుండం వార్త విన్న రాత్రి

కార్తీకం వెళ్లే రోజుల్లో కృష్ణా డెల్టాలో వరి కోతకొస్తుంది. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో వాయుగుండం అంటారు. ఇక రైతు కంటికి కునుకుండదు. అది ఎటు మళ్లుతుందో, ఎక్కడ తీరం దాటుతుందోనని తెల్లవార్లూ లేచి ఆకాశం వంక చూడటమే. ఆ దిగులును తేలిగ్గా తీసిపారేయలేం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన గురించి ఆ ప్రాంతపు ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అయినా మనం నిద్ర మానుకున్నంత మాత్రాన తుఫాను దారి మారదు. చేలో నీరు బయటికి పోయే బోదె మాత్రం మన పార మాట వింటుంది. కోత నాలుగు రోజులు ఆపుకోవచ్చు. ఆరిన పనల్ని కుప్ప వేసి బరకం కప్పొచ్చు. పనలు తడిసిపోతే, కంకి మీదే గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లమంటారు వ్యవసాయ శాస్త్రవేత్తలు. ఇంట్లో ఉండే మామూలు ఉప్పే అది! ఇన్ని చేసినా పంట మొత్తం దక్కుతుందని మాటివ్వలేను. కానీ ఈ పూట చేయగలిగింది చేసినవాడికి కాసేపైనా నిద్ర పడుతుంది, అది నేను నమ్ముతాను. మీ దగ్గర బరకం మిగిలితే, పక్క చేను కౌలురైతుకి ఇప్పుడే కబురు పెట్టండి.