కానుకలోని కాయకము

భార్యాభర్తల నడుమ ఇచ్చిపుచ్చుకొను వస్తువునకు వెల కట్టుట సులభము. అందలి ఉచితానుచితములను నిర్ణయించుట కష్టము. పరులకు చేయు దానమునందు ఇచ్చువాని సంచి వేరు, పుచ్చుకొనువాని సంచి వేరు. సంసారములో రెండును ఒకటే. ఒకరు మరియొకరికై వెచ్చించిన ధనము ఇద్దరి భోజనమునుండి, ఇద్దరి రేపటినుండి తీసినదే. కనుక ప్రేమతో చేయు వ్యయమైనను విచారణకు పాత్రమగుచున్నది. ఒక చిన్న దృష్టాంతముతో ఈ విషయమును పరిశీలింపవచ్చును.

ఒక పట్టణములో ఒక మధ్యతరగతి కుటుంబము కలదు. భర్త ఉపాధ్యాయుడు. భార్య ఇంటివద్దనే కుట్టుపని చేయును. ఆతని తండ్రికి 1971లో మైసూరున తయారైన జావా మోటారు సైకిలు ఉండెడిది. తండ్రి అనంతరము కుమారుడు దానిని నడపెను. పండ్రెండేండ్ల క్రిందట చెల్లెలి వివాహమునకు సొమ్ము చాలనపుడు దానిని అమ్మివేసెను. ఆనాడు గాని ఆ పిమ్మట గాని దానినిగూర్చి ఒక్క మాటయు అనలేదు. ఇపుడు అట్టి బండియే పొరుగూరిలో అమ్మకమునకు వచ్చినదని భార్యకు తెలిసినది. వెల 90,000 రూపాయలు. మూడేండ్లుగా కుట్టుకూలిలో మిగిల్చిన సొమ్ము ఆమెయొద్ద ఇంచుమించు అంతయే కలదు. కుమార్తె కళాశాలలో తుది సంవత్సరము చదువుచున్నది. భర్తకు చెప్పక బండిని కొని, ఆతని పుట్టినరోజున వాకిట నిలుపవలెనని ఆమె తలంపు. కొనుట ఉచితమా, అనుచితమా?

ముందుగా ఆ వస్తువెట్టిదో తెలియవలెను. జావా మొదట చెకోస్లొవేకియా దేశపు బండి. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారము 1961లో దానిని మన దేశమున తయారుచేయ నారంభించెను. తరువాత యెజ్డీ యను పేరుతో తయారుచేయుచు 1996లో మూతపడెను. 2018 నుండి జావా పేరుతో కొత్త బండ్లు మరల వచ్చుచున్నవి గాని వాని యంత్రము వేరు. పాతదానిది 250 సీసీల రెండు స్ట్రోకుల ఇంజను. పెట్రోలులోనే కొలత ప్రకారము నూనె కలిపి పోయవలెను. గేరు మార్చు కడ్డీనే వెనుకకు త్రిప్పినచో కిక్కు కొట్టు కడ్డీ యగును. నడుపువానికి దాని మర్మములు తెలిసినగాని అది మాట వినదు.

అర్ధ శతాబ్దము దాటిన యంత్రమునందు పైకి కనబడనివే ఎక్కువ. ట్యాంకు లోపల త్రుప్పు పట్టును. ఇంజనులోని రబ్బరు సీళ్ళు ఎండి గట్టిపడును. కార్బురేటరు పూడుకొనును. కొత్త రంగు ఇవన్నిటిని కప్పివేయును. ఇంజను, ఛాసిస్‌ల మీది అంకెలు ఆర్.సి. లోని అంకెలతో సరిపోవలెను. పదునైదేండ్లు దాటిన సొంత వాహనమునకు ఐదేండ్లకొకమారు పరీక్ష చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెను. యాభై ఏండ్లు దాటి, మూలరూపము చెడకున్న వాహనములను ‘వింటేజి’ వాహనములుగా నమోదు చేయుటకు కేంద్ర ప్రభుత్వము 2021లో నియమములు చేసినది. అట్లు నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలు పోయించుకొనుటకు తప్ప నిత్యవ్యవహారమునకు నడుపరాదు. కనుక 90,000 రూపాయలతో ఈ వ్యయము ముగియదు. అది మొదటి వాయిదా మాత్రమే.

ఇంత తెలిసిన పిమ్మట కొందరు దీనిని వట్టి విలాసమని త్రోసివేయుదురు. ఆ మాట పూర్తిగా న్యాయము కాదు. అవసరము లేనిదెల్ల దోషము కాదు. గుమ్మమునకు కట్టు తోరణము అవసరమా? పాపకు కొను బొమ్మ అవసరమా? జీవితములో ఆనందమునకు చోటున్నది. పైగా ఆ సొమ్ము ఆమె కన్నులు నొవ్వ, వ్రేళ్ళు నొవ్వ కుట్టి సంపాదించినది. దానిని ఎట్లు వెచ్చించినను లెక్క అడుగు అధికారము ఎవరికిని లేదు. అయితే అధికారము వేరు, ఔచిత్యము వేరు. ఆమె తనను తాను అడుగవలసినది రెండవదానినిగూర్చి.

“ఆతడు ఇంటికొరకు వదలుకొన్నదానిని మరల ఇచ్చుచున్నాను” అని ఆమె సమాధానము. ఇది మిక్కిలి బలమైన వాదము. మిక్కిలి జాగ్రత్తతో చూడవలసినదియు ఇదియే. చెల్లెలికై ఆతడు బండిని అమ్మినది తిరిగి పొందుటకు కాదు. మనసార ఇచ్చి, మరచినాడు. ఇపుడు దానిని తీర్చవలసిన బాకీగా భావించినచో ఆతని త్యాగము అప్పుగా మారిపోవును. ఆ చెల్లెలు ఎన్నడైన పండుగకు వచ్చి వాకిట ఆ బండిని చూచినపుడు ఏమని తలచును? అన్న మనసులో ఇన్నేండ్లు ఆ లోటు మిగిలియున్నదనియే కదా! అట్లని ఆతని లోపల లోటు లేదని చెప్పుటకును వీలులేదు. అది బండిని గూర్చిన లోటా, తండ్రిని గూర్చినదా, యౌవనమును గూర్చినదా? మొదటిది మాత్రమే ధనముతో తీరును. ఈ మూడింటిలో ఏదో ఆతనికొక్కనికే తెలియును. ఆతని మౌనమునుండి ఊహించి 90,000 రూపాయలు వెచ్చించుట ప్రేమయే కావచ్చును గాని, ప్రేమ ఊహలోను పొరపడును.

ఇక చెప్పక కొనుటను గూర్చి. ఒక పంచెయో, పుస్తకమో చెప్పక తెచ్చినచో చిక్కులేదు. నచ్చకున్నను పెట్టెలో మడిచి పెట్టవచ్చును. పాత యంత్రము అట్లు కాదు. అది ప్రతి ఆదివారమును అడుగును. ప్లగ్గు తుడువుమనును. గొలుసు బిగింపుమనును. దొరకని భాగమునకై ఊరూర తిరుగుమనును. పాత బండిని కానుకగా ఇచ్చుట యనగా ఒక పనిని కానుకగా ఇచ్చుటయే. అడుగక ఇచ్చిన వస్తువు కానుక కావచ్చును. అడుగక ఇచ్చిన పని ఆజ్ఞ యగును. పని కాయకమగునది దానిని చేయువాడు ఇష్టపూర్వకముగా చేపట్టినపుడే. నలుబది దాటిన ఉపాధ్యాయునికి బడి పిదప మిగులు కాలమెంత, నడుములో మిగులు బలమెంత అనునది ఆతడు చెప్పవలసిన మాట. వాకిట బండిని నిలిపి, బంధువులందరు చూచుచుండగా తాళముచెవి చేతికిచ్చినచో ఆతడు “వద్దు” అనగలడా? వద్దనుటకు తావులేని చోట ఆతడు చిరునవ్వుతో పుచ్చుకొనినను, ఆ నవ్వు సమ్మతికి గుర్తు కాజాలదు.

శరణుల చరిత్రలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ అందరెరిగినదే. కల్యాణములో నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు ఆతడు నాటికి కావలసినదానికంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ ఆ అధికమును తెచ్చినచోటనే పోసి రమ్మనెను. ఆశ కూడదను నీతికై ఈ కథను చెప్పుదురు. ఇందు మరియొక నీతియు కలదు. ఎంత చాలునను ప్రశ్నను ఆమె మనసులో దాచుకొనలేదు, పొరుగువారితో అనలేదు; భర్త ఎదుట నిలిచి చెప్పెను. ఆతడు వినెను. చాలును అను హద్దును దంపతులలో ఒకరు రహస్యముగా గీయరాదు. ఇద్దరు కూర్చుండి గీయవలెను. వద్దనుటకు ఇది ఎట్లో, కొందమనుటకును అట్లే.

ఇదే న్యాయము భర్తకును వర్తించును. తనకు ముచ్చటైన బండిని భార్య పేరున కొని, అది ఆమెకు కానుక యని చెప్పు పురుషులును లోకములో లేకపోలేదు. అట్టివారు కానుకను ముసుగుగా వాడుకొనుచున్నారు. ఈమెయందు ఆ దోషము లేదు. ఆమె కోరిక స్వచ్ఛమైనది. దారి మాత్రమే మార్చుకొనవలెను.

కనుక ఆమె చేయదగిన పని ఇది. పుట్టినరోజునకు ముందే, పిల్ల నిద్రించిన పిమ్మట, సొమ్మును, మనసులోని మాటను భర్త ఎదుట ఉంచవలెను. కుమార్తె రుసుమునకు, ఇంటి అత్యవసరములకు, ఏటేట దాసోహమునకు తీయు భాగమునకు ముందుగా సొమ్ము వేరుపరుపవలెను. మిగిలినది చాలినచో ఇద్దరును పొరుగూరికి పోయి, బండి చల్లగానుండగా ఒకమారు కిక్కు కొట్టి చూడవలెను. ముందే వేడి చేసి ఉంచిన ఇంజను తన రోగమును చెప్పదు. కాగితములు చూడవలెను. రెండు స్ట్రోకుల బండి వదలు నూనెపొగ ఎదురింటి ముసలివారి కిటికీలోనికి పోవునా అనునదియు ఆలోచింపవలెను.

అపుడు ఆతడు “ఈ ఏడు వద్దు, పిల్ల చదువు ముగియనిమ్ము” అనవచ్చును. ఈలోగా ఆ బండిని మరియొకరు కొనిపోవచ్చును. అయినను ఆమెకు నష్టము లేదు. పండ్రెండేండ్ల క్రిందట తాను పలుకక చేసిన పనిని ఇంటిలో ఒకరు గమనించిరని, నాటినుండి మరువలేదని ఆతనికి తెలిసినది. వెల లేని ఆ భాగము అప్పుడే ఆతనికి ముట్టినది.

లేక ఆతడు “కొందము” అనవచ్చును. అపుడు త్రుప్పు పట్టిన ట్యాంకును కడుగు ఆదివారములు ఆతడు తెలిసి ఎన్నుకొన్నవి యగును. కుట్టుమిషను నూనెడబ్బాతో ఆమెయు ప్రక్కన కూర్చుండవచ్చును.