ముక్కు చూసిన సంబంధం

సంబంధం చూసేటప్పుడు కులగోత్రాలు అడుగుతాం, జాతకం అడుగుతాం, జీతం సంగతి సరేసరి. పిల్లవాడి ఒంటివాసన నచ్చిందా అమ్మాయ్ అని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే నవ్విపోరూ!

శాస్త్రజ్ఞులు నవ్వలేదు. 1995లో స్విట్జర్లాండులోని బెర్న్‌లో క్లాస్ వెడెకిండ్ అనే ఆయన 44 మంది కుర్రాళ్ళకు బనీన్లిచ్చి, సెంట్లూ గింట్లూ లేకుండా రెండు రాత్రులు వాటితోనే పడుకోమన్నాడు. తర్వాత వాటిని 49 మంది అమ్మాయిల చేత వాసన చూపించాడు. మగవాళ్ళ బనీను వాసన చూసి బకెట్లో పడెయ్యడం మనం రోజూ చేస్తున్న పనే. దాన్ని పరిశోధన అంటారని తెలియలేదు! రోగాలను ఎదుర్కొనే జన్యువులు తమకు భిన్నంగా ఉన్నవాళ్ళ వాసనే ఆ అమ్మాయిలకు ఎక్కువ హాయిగా తోచిందట. గర్భనిరోధక మాత్రలు వేసుకుంటున్న వాళ్ళలో మాత్రం ఇది తారుమారైంది. ఆ తర్వాతి పరీక్షలు కొన్ని ఔనన్నాయి, కొన్ని కాదన్నాయి. తరతరాలుగా మేనరికాలు చేసుకున్న మన అమ్మమ్మలు ఇది వింటే ఏమనేవారో!

పట్టుపురుగుల్లోనైతే సందేహమే లేదు. ఆడపురుగు విడిచే ఒక్క పదార్థం సోకితే చాలు, మగది రెక్కలు కొట్టుకుంటూ వచ్చేస్తుంది. 1959లో జర్మనీలో బ్యూటెనాంట్ బృందం దాదాపు అయిదు లక్షల పురుగుల నుంచి ఆ పదార్థాన్ని రవ్వంత తీసింది. మనిషిలో అలాంటిది ఉందని ఇంతవరకు రుజువు కాలేదు. సీసాల్లో పోసి అమ్మేవాళ్ళ సంగతి వేరు.

ఇంతకీ మన శంతనుడు సత్యవతిని చూడకముందే మోహంలో పడ్డాడు. యమున ఒడ్డున పరిమళం తగిలింది, దాన్ని పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆ పరిమళం పరాశరుడిచ్చిన వరం. అయితే పరాశరుడు పడవలో ఆమెను కోరేనాటికి ఆమె ఇంకా మత్స్యగంధే! చేపల వాసన ఆయన్ను ఆపలేదు. కాబట్టి అంతా ముక్కు మహిమే అంటే నేనొప్పుకోను.

నన్ను వేధించే సంగతి ఇంకొకటి ఉంది. వాసన తగిలింది తండ్రికి. రాజ్యమూ పెళ్ళీ వదులుకున్నది కొడుకు దేవవ్రతుడు. శంతనుడు నోరు తెరిచి ఇమ్మని అడగలేదు, దిగులుపడి కూర్చున్నాడంతే. ఆ దిగులే చాలింది. పోనీ, సత్యవతికి ఆ రాజుగారు నచ్చారా? కన్నకొడుకు వ్యాసుడు కూడా ఆ ఊసెత్తలేదు.

గాలిలో వచ్చే పరిమళాన్ని పీల్చవద్దని ఎవరిని అనగలం? కానీ పీల్చాక కాళ్ళు అటే నడిస్తే అది కూడా ముక్కు ఖాతాలో రాసెయ్యడమేనా?

నాకు తెలిసిన ఒకాయన ఇరవయ్యేళ్ళ కాపురం వదిలి వెళుతూ, "నన్నేం చెయ్యమంటావు, ఆవిడకీ నాకూ కెమిస్ట్రీ కుదిరింది" అన్నాడట భార్యతో. ఆ అమ్మాయి ఏడవలేదు. నాతో మాత్రం, "ఆయనకు ఆపరేషనైనప్పుడు నెలరోజులు డెట్టాలు వాసనలో, పుండు వాసనలో ఆ మంచం పక్కనే అన్నం తిన్నాను అక్కయ్యా. అది ఏ శాస్త్రం కిందికి వస్తుందో వాళ్ళనడిగి చెప్పు" అంది.