నీరడి మనుమడు

2020 అక్టోబర్ 13. దసరా ముందు అమ్మను చూడనీకి పిల్లలతోని అల్మాస్‌గూడ పోయిన. రాత్రికి నీళ్లు మంచం దాకా వచ్చినయి. పక్కింటి మేడ మీద తెల్లారింది. "నీళ్లకు కులముందా? అందర్నీ ముంచినయి" అన్నడు ఆ ఇంటాయన.

నీళ్లకు లేదు. కానీ మిట్ట ఎవరిదో పల్లం ఎవరిదో ఊరు ఎప్పుడో తేల్చింది. మా తాత నీరడి. తూము తీసి ఊరి పొలాలన్నీ పారించినోడు. ఊరిబాయిల మాత్రం చేద వెయ్యనియ్యలే. "అలుగు దారిల ఇల్లు కట్టొద్దు బిడ్డా, నీళ్లు దారి మరువవు" అంటుండె. తెలిసీ కొన్న. టీచరు జీతానికి అందిన ప్లాటు అదొక్కటే.

మరి తప్పు నాదేనా? నా వంతు నేను ఒప్పుకుంట. అలుగును ప్లాట్లు చేసి అమ్మినోన్ని, చూస్తూ ఊకున్నోన్ని వదిలేసి మునిగినోన్ని నిలదీసుడు న్యాయం కాదు. సర్కారు ప్రకటించిన పదివేలు దయ కాదు, బాకీల కొంత.